ప్రిన్స్ ఫోన్‌లోకి వచ్చాడని కోపగించుకుంటున్న నా మిత్రులకు

అమలాపురంలో మేము కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో ఇన్‌స్టిట్యూట్‌లో ప్రాక్టికల్‌కు ఇచ్చే సమయం ఒక గంట. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలో చెరసాల నుంచి బయటపడి యువరాణిని కాపాడడానికి దొరికే గడువు కూడా సరిగ్గా 60 నిమిషాలే. ఆ గంటా ఈ గంటా మాకు ఏనాడూ కలిసి రాలేదు. మాస్టారు గదిలో ఉన్నంతసేపూ తెర మీద పాఠమే ఉండాలి, ఆయన టీకి వెళ్లాక ఆట మొదలుపెడితే మూడో లెవెల్‌లో అస్థిపంజరం లేచి కత్తి దూసే వేళకు కరెంటు పోయేది, పోకపోతే తరువాతి బ్యాచ్ వాళ్లు వచ్చి కుర్చీ వెనుక నిలబడేవారు. అయినా ఆ ఆట మా అందరి వేళ్లలో మిగిలిపోయింది. ఇప్పటికీ నా చూపుడు వేలు, చిటికెన వేలు బాణపు మీటనూ షిఫ్టునూ వెతుక్కోగలవు.

ఆ పరంపరలో కొత్తగా వచ్చిన ‘ద లాస్ట్ క్రౌన్’ 2024 జనవరిలో కంప్యూటర్లకూ గేమ్ కన్సోళ్లకూ విడుదలై, 2025 ఏప్రిల్ 14న ఆండ్రాయిడ్, ఐఫోన్లలోకి కూడా వచ్చింది. ఆ కబురు మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి చేరిన రాత్రి, కువైట్‌లో ఉన్నవాడి నుంచి కాకినాడలో ఉన్నవాడి వరకు అందరూ నిద్ర మానుకుని మాట్లాడారు. సంతోషించినవారు ఇద్దరు ముగ్గురే. మిగిలినవారి మాటల్లో ఉన్నదంతా కోపమే. ఇంత గొప్ప ఆటను బస్సులో కాలక్షేపానికి ఆడుకునే స్థాయికి దించారని ఒకరు, ఫోన్‌లో ప్రిన్స్ అంటే మన చిన్నతనాన్ని అవమానించడమేనని మరొకరు, ఇందులో యువరాజే హీరో కాదట కదా అని ఇంకొకరు, డబ్బు కట్టకుండా ఫోన్‌లోకి ఎక్కించుకునే ఏపీకే ఫైలు ఎక్కడ దొరుకుతుందో లింకు పెట్టండని వేరొకరు రాశారు. ఆ రాత్రి నేను ఏమీ రాయలేదు. గ్రూపులో రెండు వాక్యాలతో తేలే విషయం కాదు కనుక ఇక్కడ విడిగా రాస్తున్నాను.

ముందుగా అవమానం అన్న మాట గురించి చెప్పాలి. మనలో ఎవరి ఇంట్లోనైనా ఆనాడు కంప్యూటర్ ఉండేదా? ఆట డబ్బా కొన్నవారు ఒక్కరైనా ఉన్నారా? ఎవరో ఎక్కడినుంచో తెచ్చిన ఫ్లాపీ నుంచి మరో ఫ్లాపీలోకి, అక్కడి నుంచి ఇన్‌స్టిట్యూట్ మెషీన్‌లోకి ఎక్కించుకుని, దొరికిన పావుగంటలో ఆడుకున్నాం. ఈ రోజు అంబాజీపేటలోనో ముమ్మిడివరంలోనో పదో తరగతి చదివే పిల్లవాడికి అందుబాటులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ వాళ్ల అమ్మ ఫోన్. ఆ అమ్మ వంటింట్లో ఉన్నంతసేపే అది వాడి చేతిలో ఉంటుంది. మన గంట ప్రాక్టికల్‌కూ వాడి పావుగంట ఫోన్‌కూ తేడా ఏమిటో నాకు అర్థం కావడం లేదు. పెద్ద తెర, ఖరీదైన కన్సోల్ ఉన్నవారికే ఈ ఆట చెందాలని కోరుకుంటే, ఆ లెక్కన మనకు కూడా అది చెందేది కాదు.

అయితే మన వాళ్ల కోపంలో ఒక న్యాయమైన బాధ ఉంది. దాన్ని వారు సరైన మాటల్లో చెప్పడం లేదని నా ఫిర్యాదు. గోడల మీంచి గట్ల మీదికి ఎగిరి దూకుతూ సాగే ఈ తరహా ఆటలకు ప్రాణం కథలో లేదు, బొమ్మల్లో లేదు, వేలు మీటను తాకిన క్షణానికీ తెర మీద మనిషి కాలు నేలను విడిచిన క్షణానికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. మొదటి ప్రిన్స్ ఆటను తయారు చేసిన జోర్డాన్ మెక్‌నర్ దాని కోసం 1985లో తన తమ్ముడు డేవిడ్ పరుగెత్తుతుంటే, దూకుతుంటే, గోడ పట్టుకుని ఎక్కుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క భంగిమగా గీసుకుని, నాలుగేళ్లు కష్టపడి 1989లో యాపిల్ 2 కంప్యూటర్‌కు దాన్ని పూర్తి చేశాడు. సంగీతం సమకూర్చింది వాళ్ల నాన్న. అందుకే ఆ బొమ్మ నిజమైన మనిషిలా కదిలేది. పరుగు తీస్తూ వెనక్కి తిరగమంటే వెంటనే తిరగదు, కాలు జారి, నిలదొక్కుకుని, అప్పుడు తిరుగుతుంది. ఒకసారి దూకమని చెప్పామంటే మధ్యలో మనసు మార్చుకునే వీలు లేదు. ఒక అంతస్తు కిందికి పడితే ఏమీ కాదు, రెండు అంతస్తులైతే ఒక ప్రాణం పోతుంది, మూడైతే చావే. షిఫ్టు నొక్కిపట్టి ఒక్కొక్క అడుగు వేస్తే అగాధం అంచున బొటనవేలు మోపినట్టుగా ఆగుతుంది. చేపల చెరువు గట్టు మీద వానాకాలంలో నడిచినవారికి ఆ అడుగు ఎటువంటిదో నేను చెప్పనక్కర లేదు.

జాగా చాలకపోవడం వల్ల పుట్టిన నీడమనిషి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యాపిల్ 2 మెమరీలో మరో పాత్రకు చోటు లేకపోతే, యువరాజు బొమ్మలనే కాస్త మార్చి గీయించి అతని ప్రతిరూపంగా నిలబెట్టారు. నాలుగో లెవెల్‌లో అద్దంలోకి దూకితే అవతలి నుంచి వాడు బయటపడతాడు, మన కోసం దాచుకున్న, ప్రాణం పెంచే మందు సీసా తరువాతి లెవెల్‌లో వాడు తాగేస్తాడు, చివరికి ఎదురుపడినప్పుడు వాణ్ణి పొడిస్తే మన ప్రాణమే పోతుంది. కత్తిని ఒరలో పెట్టి ముందుకు నడిస్తేనే ఇద్దరూ ఒకటవుతారు. మా బ్యాచ్‌లో ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు వారం రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాడు.

ఇంతటి బరువును వేలి కొనకు తెచ్చిన ఆటను గాజు పలక మీదికి తీసుకువెళ్తే ఏమవుతుంది? గాజుకు మెట్ట లేదు, పల్లం లేదు. మీట మీద వేలు ఉన్నదీ పక్కకు జరిగినదీ చూడకుండా తెలిసే మార్గం లేదు. మా అక్క కొడుకు చేతిలో ఒకసారి ఏదో పాత దూకే ఆటకు వచ్చిన ఫోన్ రూపాన్ని చూశాను. మూడోసారి కూడా మేకుల మీద పడ్డాక వాడు ఫోన్ నాకిచ్చి, “మావయ్యా, నా వేలే నాకు అడ్డమొస్తోంది” అన్నాడు. గ్రూపులో నూట ఇరవై సందేశాల్లో దొరకని అసలు విమర్శ ఆ ఒక్క మాటలో ఉంది. తెర మీద గీసిన మీటలను వేలు కప్పేస్తుంది, వేలి కింద ఉన్న గొయ్యి కనపడదు. దీన్ని ఎవరు ఎలా పరిష్కరించారన్న దాని మీదే ఫోన్ రూపం మంచిదో చెడ్డదో తేల్చాలి గాని, ఫోన్ అన్న మాట వినగానే కాదు.

దీనికి ఇంతకుముందు నడిచిన దారులు ఉన్నాయి. మారియోను ఫోన్‌లోకి తెచ్చేటప్పుడు దాన్ని తయారు చేసే నింటెండో కంపెనీ ఆటనే మార్చింది. 2016 డిసెంబరు 15న ఐఫోన్‌కు వచ్చిన సూపర్ మారియో రన్‌లో మారియో తనంతట తానే పరుగెత్తుతాడు, మనం ఒక్క వేలితో ఎప్పుడు దూకాలో చెబితే చాలు. వేలి సమస్య అలా తీరింది, కాని ఆగి ఆలోచించి అడుగు వేసే స్వేచ్ఛలో చాలా భాగం పోయింది. అదే కాలంలో, 2017 జనవరిలో, కాప్‌కామ్ కంపెనీ తన మెగా మ్యాన్ మొదటి ఆరు ఆటలనూ తెర మీద మీటలు గీసి ఫోన్లలోకి దింపింది. కదలికలు తడబడుతున్నాయని అభిమానులు తప్పుబట్టారు, వారి మాటలో న్యాయముంది. ఎక్కువమంది ఎరగని మూడో దారి సోనిక్‌ది. ఆస్ట్రేలియాలో ఉన్న క్రిస్టియన్ వైట్‌హెడ్ అనే అభిమాని సోనిక్ సీడీ ఆట ఐఫోన్‌లో ఎలా నడవగలదో 2009లో తానే ఒక నమూనా తయారు చేసి చూపించాడు. సోనిక్ ఆటల కంపెనీ సెగా అతనికే ఆ పని అప్పగించింది, 2011లో అది విడుదలైంది. 2013లో మొదటి రెండు సోనిక్ ఆటలను ఫోన్ వెడల్పుకు తగినట్టుగా, వేగం చెడకుండా మళ్లీ కట్టారు. ఫోన్‌లో ఈ ఆటలు బాగుండవని వాదించేవారు ముందు వాటిని ఒక గంట ఆడి చూడాలి. అభిమానం అంటే ఆ పని అని నా నమ్మకం.

లాస్ట్ క్రౌన్‌లో తెర మీటలను మన చేతికి తగినట్టు జరుపుకోవచ్చు, నిజమైన మీటలున్న కంట్రోలర్ విడిగా తగిలించుకోవచ్చు. వాటితోపాటు ఫోన్ కోసం కొన్ని సహాయాలు కూడా చేర్చారు. ప్రాణం తగ్గినప్పుడు సీసా దానంతట అదే తాగడం, శత్రువు దెబ్బను దానంతట అదే కాచుకోవడం, కాలాన్ని నెమ్మదింపజేయడం వంటివి కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. మా గ్రూపులో అందరికంటే ఎక్కువ ఎగతాళికి గురైనవి ఇవే. దెబ్బ కాచుకోవడం కూడా ఫోనే చేసిపెడితే ఇక ఆడేది ఎవరని అడిగారు. ఆ మిత్రులకు ఒక్క మాట గుర్తు చేస్తాను. ఆదేశాలు టైపు చేసి నడిపే ఆనాటి డాస్ తెర మీద ఆట పేరు పక్కన ‘మెగాహిట్’ అని టైపు చేసి లోపలికి వెళ్లి, షిఫ్టుతో ఎల్ నొక్కి లెవెళ్లు దాటేసినవాళ్లం మనమే. ఆ మాటను నోట్‌బుక్ చివరి పేజీలో రాసి దాచుకున్నాం. సాయం తీసుకుని ఆడినంత మాత్రాన ఆ ఆట మీద మన ప్రేమ తగ్గలేదు, మిగిలిన లెవెళ్లలో ఏముందో చూడగలిగాం కనుక పెరిగింది. ఇప్పుడు మనలో నలభై అయిదు దాటినవారి చేతి వేళ్లు అప్పటిలా లేవు. మన పక్క వీధిలో కంపించే చేతులతో ఉన్న పిల్లవాడికి కూడా ఆ కోట చివరిదాకా చూసే హక్కు ఉంది. ఇష్టమైతేనే వాడుకునే సౌకర్యాన్ని అవమానంగా చూడడం నాకు చాలా బాధ కలిగించింది.

ధర సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి భాగం ఉచితంగా ఆడి, నచ్చితే ఒకేసారి డబ్బు కట్టి మొత్తం ఆటను తెరుచుకునే పద్ధతి ఇది. మారియో రన్ కూడా అలాగే మొదటి కొన్ని లెవెళ్లు ఉచితంగా ఇచ్చి పది డాలర్లు అడిగింది. నాలుగు రోజుల్లో 4 కోట్లమంది దించుకున్నారు గాని ధర చూసి ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్లినవారికి లెక్క లేదు. ప్రకటనలు వద్దు, మాటిమాటికీ వజ్రాలూ నాణేలూ కొనమనడం వద్దు, డబ్బు కట్టడమూ వద్దు అంటే ఆట తయారు చేసేవారు ఏమి తిని బతకాలి? ఆనాడు మనం ఫ్లాపీ కాపీ చేసుకున్నప్పుడు అమలాపురంలో ఆ ఆటను కొనే దుకాణమే లేదు. ఈ రోజు దుకాణం మన జేబులోనే ఉంది, మనకు జీతాలు ఉన్నాయి. ఏపీకే లింకు అడిగిన మిత్రుడికి నా సమాధానం ‘ఇవ్వను’ అన్నదే.

కోపం పెట్టవలసిన చోట పెట్టాలంటే నేను రెండు చోట్లు చూపిస్తాను. మొదటిది, ఇంటర్నెట్ లేనిదే తెరుచుకోని ఆటలు. ఒంటరిగా ఆడుకునే ఆటే అయినా మారియో రన్‌కు మొదటినుంచీ ఎప్పుడూ కనెక్షన్ ఉండాలన్నారు. నగరంలో ఉన్నవారికి అది చిన్న విషయం. 2022 మే నెలాఖరులో అల్లర్ల తరువాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేసినప్పుడు, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవారు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు చేరిన దృశ్యం చూసినవారికి అది చిన్న విషయం కాదు. డబ్బు కట్టి కొనుక్కున్నది సిగ్నల్ లేని పూట కూడా నడవాలని అడగడం మన న్యాయమైన కోరిక.

రెండవది, కొన్న ఆట కొన్నాళ్లకు మాయమైపోవడం. 2017 సెప్టెంబరులో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చినప్పుడు, కొత్త పద్ధతికి మార్చని పాత 32 బిట్ ఆటలన్నీ ఆ ఫోన్లలో తెరుచుకోవడం మానేశాయి, కొన్నవారికి కూడా. మెక్‌నర్ కథ దీనికి పూర్తిగా వేరు. పోయిందనుకున్న ప్రిన్స్ అసలు ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీలు 2012లో వాళ్ల నాన్న దగ్గరున్న పాత పెట్టెలో దొరికాయి, తెలిసినవారు జాగ్రత్తగా చదివి తీశారు, మెక్‌నర్ దాన్ని అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇరవై ఏళ్లు దాటిన ఫ్లాపీ మళ్లీ మాట్లాడింది. ఈ రోజు ఫోన్‌లో కొన్న లాస్ట్ క్రౌన్ ఇరవై ఏళ్ల తరువాత నా మేనల్లుడి పిల్లలకు చూపించగలిగే స్థితిలో ఉంటుందా అన్నది నన్ను నిజంగా కలవరపెడుతున్న ప్రశ్న, దాని గురించి మా గ్రూపులో ఒక్క సందేశం కూడా లేదు.

యువరాజు హీరో కాదన్న అభ్యంతరం నాకు పెద్దగా అనిపించలేదు. సర్గాన్ అనే యువ వీరుడు అపహరణకు గురైన యువరాజు కోసం ఖాఫ్ పర్వతానికి వెళ్తాడు. పాత్రలు పర్షియన్‌లోనే మాట్లాడేలా కూడా పెట్టుకోవచ్చు, ఇన్నేళ్లకు ఆ పేరుకు ఆ భాష తోడైంది. విమర్శకులు అంతగా మెచ్చుకున్న ఈ ఆటను చేసిన జట్టు సభ్యులను 2024లోనే వేర్వేరు పనుల మీదికి పంపేశారని తెలిసినప్పుడు నేను చాలా బాధపడ్డాను. ఫోన్‌లో అది మళ్లీ నలుగురికీ చేరుతోందంటే నాకు సంతోషంగా ఉండడానికి అది కూడా ఒక కారణం.

సంక్రాంతికి మీరందరూ ఊరు వస్తారు కదా. మా ఇంటికి రండి. నేను డబ్బు కట్టి కొన్న ఆట నా ఫోన్‌లో ఉంది, తగిలించుకునే కంట్రోలర్ ఉంది, పాత ప్రిన్స్ నడిచే కంప్యూటర్ కూడా సిద్ధం చేసి పెడతాను. ముందు వేళ్లతో గాజు మీద ఆడండి, తరువాత మీటలతో ఆడండి, అప్పుడు ఏ గొయ్యి దగ్గర వేలు అడ్డమొచ్చిందో, ఏ మీట చిన్నదైపోయిందో రాయండి, మీతోపాటు నేనూ సంతకం పెడతాను. మేనల్లుడు అద్దంలోకి దూకడం ఇంకా చూడలేదు, మీరు వచ్చేదాకా వాడికి చెప్పను.