అరెస్టు కాదండీ, అదుపే!

తెలుగు భాషకు పోలీసు శాఖ చేస్తున్న సేవను ఇంతవరకూ ఏ అకాడమీ గుర్తించకపోవడం బాధాకరం. మామూలు మనుషులకు ఒకటే అనిపించే రెండు మాటల మధ్య నాలుగైదు రోజులు పట్టేంత ఖాళీని కనిపెట్టిన ఘనత వాళ్లది. ఒకటి 'అరెస్టు చేయడం', రెండోది 'అదుపులోకి తీసుకోవడం'.

అరెస్టుతో చాలా ఇబ్బందులున్నాయి. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం మనిషికి కారణం చెప్పాలి, లాయర్‌తో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇది చాలదన్నట్టు 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు మెమో కూడా రాయమంది. అందులో తేదీ, టైము వేయాలి. ఇంట్లోవాళ్లో, ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఇంత రాతకోత ఉన్న పని ఎవరికి మాత్రం ఇష్టం?

అదుపు అలా కాదు. మీటర్ వేయకుండా ఊరంతా తిప్పే ఆటో లాంటిది. మనిషి జీపెక్కుతాడు, ఫోన్ స్విచాఫ్ అవుతుంది. తమ్ముడు స్టేషన్‌కి పరిగెడితే "మా దగ్గరికి ఎవరూ రాలేదే" అంటారు. మర్నాడు పేపర్లో 'పోలీసుల అదుపులో ఉన్నట్లు సమాచారం' అని వస్తుంది. అంటే సమాచారం పేపరుకి ఉంది, స్టేషన్‌కి లేదు. 'రహస్య ప్రాంతంలో విచారిస్తున్నట్లు తెలిసింది' అని కూడా రాస్తారు. అందరికీ తెలిశాక రహస్యమేమిటని అడగకండి, అది విచారణకు ఆటంకం.

ఆ తర్వాత ఓ మంచి రోజు చూసి అరెస్టు 'చూపిస్తారు'. ఈ క్రియాపదాన్ని కాస్త గమనించండి. చేయడం కాదు, చూపించడం. ముసుగేసిన మనిషిని వెనకాల నిలబెట్టి ప్రెస్ మీట్‌లో చదువుతారు: ఈ ఉదయం పట్టణ శివార్లలో వాహనాలు తనిఖీ చేస్తుండగా, అనుమానాస్పదంగా సంచరిస్తూ, పోలీసులను చూసి పారిపోబోగా చాకచక్యంగా పట్టుకున్నాం. నాలుగు రోజులుగా పోలీసుల మధ్యే కూర్చున్నవాడు ఈ ఉదయం శివార్లలో పారిపోవాలంటే అష్టసిద్ధుల్లో కనీసం ఒకటైనా వచ్చి ఉండాలి.

చట్టానికి మాత్రం ఇంత కవిత్వం తెలియదు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 46వ సెక్షన్, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షన్ చెప్పేది ఒకటే. ఒంటి మీద చెయ్యేసి ఆపినా, మాటతోనో చేతతోనో మనిషి లొంగిపోయినా అరెస్టయినట్టే. "పద" అన్నారు, నడిచాడు, మళ్లీ పోనివ్వలేదు. అయిపోయింది. అయితే పోలీసుల పక్షాన కూడా ఓ మాట చెప్పాలి. ప్రతి కస్టడీ అరెస్టు కాదని 1994లో సుప్రీంకోర్టే అంది. నేరుగా కోర్టుకొచ్చి లొంగిపోయేవాళ్లుంటారు కదా, వాళ్ల సంగతి వేరు. తీర్పులో ఆ ఒక్క ముక్కే మనవాళ్లకు నోటికొచ్చినట్టుంది. అంతకు 14 ఏళ్ల ముందే, 1980లో, 'అదుపులోకే తీసుకున్నాం, అరెస్టు చేయలేదు' అనే వాదనను దాగుడుమూతలని అదే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఎండగట్టారు. ఆ పేజీ ఎందుకో ఎవరికీ తెరుచుకోదు.

2020 డిసెంబరులో ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని, లాకప్‌ నుంచి వరండా దాకా ఏదీ వదలొద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. 'రహస్య ప్రాంతం' అనిపించుకునే గెస్ట్ హౌసుల గురించి ఏమీ అనలేదు.

మన నాయకులకైతే ఈ వ్యాకరణం ఐదేళ్లకోసారి మారుతుంది. అధికారంలో ఉన్నన్నాళ్లూ "విచారణకు పిలిచారంతే, ఎందుకంత టెన్షన్?" అంటారు. ఓడిన మర్నాటి నుంచి అదే పని అక్రమ నిర్బంధం, ప్రజాస్వామ్యం ఖూనీ. రాత్రికి రాత్రే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్), హౌస్ మోషన్ (కోర్టు లేని వేళ జడ్జిగారింట్లోనే అర్జెంటు విచారణ). మామూలు మనిషి తమ్ముడికి హౌస్ మోషన్ అంటే ఏమిటో తెలిసేసరికి అన్న రిమాండ్‌కి వెళ్లిపోయి ఉంటాడు.

ఒకవేళ పిటిషన్ పడినా దారి ఉంది. విచారణకొచ్చే వేళకి మనిషిని మేజిస్ట్రేట్ ముందు పెట్టేస్తారు. ప్రభుత్వ న్యాయవాది లేచి, అరెస్టు చూపించాం కాబట్టి ఇక ఇందులో తేల్చాల్సిందేమీ లేదంటారు. మెమోలో తేదీ ఈరోజుదే. అంతకుముందు నాలుగు రోజులు ఎక్కడున్నాడంటారా? సంచరిస్తున్నాడు.