ఆ రాత్రి మటన్ కర్రీ వండమన్నది ఎవరు?

కిందటి చలికాలం మా ఇంట్లో డిటెక్టివ్ డిన్నర్ పెట్టాం. ఆన్‌లైన్‌లో కొన్న మర్డర్ మిస్టరీ కిట్ (కథలోని హంతకుణ్ణి కనిపెట్టే ఆట), అందరికీ టోపీలు, బల్ల మీద కొవ్వొత్తులు, గోడకి పాత లండన్ బొమ్మలు, అన్నీ ఉన్నాయి. భోజనం మాత్రం బయటినుంచి తెప్పించిన బిర్యానీ, పన్నీర్ టిక్కా. అరగంటలో పిల్లలు ఫోన్లు తీశారు, పెద్దవాళ్ళు ఇళ్ళ రేట్ల గురించి మాట్లాడుకున్నారు. అప్పటినుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు సూటిగా చెప్తాను: షెర్లాక్ హోమ్స్ పేరుతో భోజనం పెడితే మిస్టరీ కంచంలోనే ఉండాలి, గోడల మీద కాదు.

ఎందుకంటే హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డోయల్ కథల్లో తిండి చాలాచోట్ల సాక్ష్యమే. 1892లో వచ్చిన 'సిల్వర్ బ్లేజ్' తీసుకోండి. డార్ట్‌మూర్‌లో ఒక గుర్రపుశాల, రాత్రి కాపలా కుర్రాడికి పనమ్మాయి మటన్ కర్రీ తీసుకెళ్తుంది, అందులో ఎవరో నల్లమందు పొడి కలిపారు, కుర్రాడు మత్తుగా పడిపోయాడు, గుర్రం మాయమైంది. అందరూ ఆ సాయంత్రం అక్కడ తచ్చాడిన బయటి మనిషిని అనుమానిస్తారు. హోమ్స్ మాత్రం వంట గురించి ఆలోచిస్తాడు. నల్లమందుకి ఒక రుచి ఉంటుంది, మామూలు కూరలో వేస్తే మొదటి ముద్దకే తెలిసిపోతుంది, దాన్ని దాచగలిగేది కర్రీ ఘాటే. మరి ఆ రాత్రి ఆ ఇంట్లో కర్రీ వండాలని నిర్ణయించగలిగింది ఎవరు? బయటివాడు కాదు కదా! ఈ కథలో అరవని కుక్క గురించి అందరూ చెప్పుకుంటారు కానీ, నాకు ఈ వంట ప్రశ్నే ఎక్కువ ఇష్టం. రోజూ పొద్దున్నే "ఇవాళ ఏం వండాలి" అని తల పట్టుకునేవాళ్ళకి ఇది చటుక్కున అర్థమయ్యే సాక్ష్యం.

'బ్లూ కార్బంకుల్'లో క్రిస్మస్ బాతులో రత్నం దొరుకుతుంది, ఆ బాతు ఎక్కడిదో కనుక్కోవడానికి హోమ్స్ కోవెంట్ గార్డెన్ అంగడి దాకా వెళ్తాడు. 'నేవల్ ట్రీటీ'లో హోమ్స్ ఇంటి యజమానురాలు మిసెస్ హడ్సన్ పొద్దున్నే మూతలు పెట్టిన పళ్ళేలు తెచ్చి పెడుతుంది, ఒక మూత కింద కోడి కర్రీ, ఇంకోదాని కింద హామ్, గుడ్లు, మూడోదాని కింద పోయిందనుకున్న ఒప్పంద పత్రం.

గమనించారా, కర్రీ రెండుసార్లు వచ్చింది. కాబట్టి మన వంటకి ఈ బల్ల మీద చోటుంది. అలాగని గోంగూర మటన్ పెట్టేసి విక్టోరియన్, అంటే విక్టోరియా రాణి కాలపు వంట, అనడం నాకు నచ్చదు. ఈ ఒక్క రాత్రికి వాళ్ళ కర్రీని వాళ్ళలాగే వండండి. 1861లో వచ్చిన ఇసబెల్లా బీటన్ గృహ నిర్వహణ పుస్తకంలో కోడి కర్రీ ఉంది: రెండు ఔన్సుల వెన్న, మూడు ఉల్లిపాయలు, చెంచాడు కర్రీ పౌడర్, చెంచాడు మైదా, ఒక ఆపిల్, చివర్లో క్రీమ్, నిమ్మరసం. అల్లం వెల్లుల్లి ముద్ద లేదు, పచ్చిమిర్చి లేదు. ఇంత పుస్తకం కూర్చిన ఆవిడ 28 ఏళ్ళకే, 1865లో చనిపోయింది. నేను అలాగే వండాను. తియ్యగా, చిక్కగా, మనకి కొత్తగా ఉంటుంది, కానీ కారం కలిపి 'సరిచేయాలి' అనే కోరికని దయచేసి ఆపుకోండి. మన వంట సముద్రం దాటి, మన చేతిలోంచి జారి ఏమైందో నాలుకకే తెలియాలి.

ఇంగ్లీషువాళ్ళ ములిగటానీ సూప్ కూడా అంతే. పేరు తమిళం మిళగు తణ్ణీర్, అంటే మిరియాల నీళ్ళు. బీటన్ దాంట్లో బేకన్, నూరిన బాదం కూడా వేయిస్తుంది. నేను మాంసం లేకుండా ఎర్ర కందిపప్పు, ఆపిల్‌తో చేస్తే, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య ఒక గుటక తాగి, "ఇది మన మిరియాల చారేగా అమ్మాయ్, ఇట్టా తయారైందేంటి!" అంది. పిల్లలు అక్కడినుంచి మొదలుపెట్టి ఇంగ్లీషువాళ్ళ కెడ్జరీ అంటే మన కిచిడీ అని, వూస్టర్ సాస్ అనే వాళ్ళ పుల్లటి సాస్‌లో చింతపండు ఉంటుందని సీసా లేబుల్ చదివి మరీ కనిపెట్టారు. కిట్‌లోని హంతకుడి కోసం వాళ్ళు ఇంత వెతకలేదు.

శాకాహారులు వస్తే జాగ్రత్త. వూస్టర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేపలుంటాయి, పాతకాలం పుడ్డింగుల్లో స్యూయెట్ అంటే ఎద్దు కొవ్వు, కాబట్టి వెజిటబుల్ స్యూయెట్ అడిగి కొనండి. విక్టోరియన్ భోజనమంటే మాంసమే అనేవాళ్ళకి నేను గాంధీ గురించి చెప్తాను. 1888 నుంచి 1891 దాకా లండన్‌లో లా చదివిన ఆయన ఫారింగ్డన్ స్ట్రీట్‌లో శాకాహార హోటల్ కనిపించాకే కడుపునిండా తిన్నాడు. బఠాణీపప్పు సూప్, మాకరోనీ చీజ్ ఆ కాలం వంటలే, వెతుక్కోవాల్సిన పని లేదు.

ఒక్క విషయం మాత్రం అందంగా దాటేయలేను. ఆ కాలపు వెండి పళ్ళేల గురించి మాట్లాడుతూ 1876-78 కరువుని వదిలేయడం నాకు చేతకాదు. మాది కడప వైపు, ఆ తెలుగు సంవత్సరం పేరుతో దాన్ని పిలిచే 'ధాత కరువు' అనే మాట ఇంట్లో వింటూ పెరిగాను. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటించారు, అప్పటికే మన కర్నూలు, కడప, బళ్ళారి ఎండిపోయి ఉన్నాయి. ఆ ఏడాదే ప్రభుత్వం పెట్టిన కరువు పనికొచ్చిన మగమనిషికి రోజుకూలీ ఒక పౌను ధాన్యం, ఒక అణాకి తగ్గించారు. ఒక పౌను అంటే దాదాపు 450 గ్రాములు. రెండోసారి డిన్నర్ పెట్టినప్పుడు ఆ 450 గ్రాముల బియ్యం తూచి, ఒక గిన్నెలో పోసి బల్ల మధ్యలో పెట్టాను. ఇదేంటని పిల్లలే అడిగారు, చెప్పాను. పండగ పాడవలేదు. ఆ తర్వాత కంచాల్లో ఎవరూ ఏమీ వదల్లేదు.

అలంకరణకి అసలు ఖర్చు పెట్టకండి, మూతలున్న స్టీలు గిన్నెలు చాలు. మెనూ రాసిన కాగితం ముందే అందరికీ పంచండి, వంటల్లో ఒకటి మీరు కావాలనే మార్చండి, ఏది మారిందో, ఎవరు మార్చగలరో తింటూ కనుక్కోమనండి. వచ్చే డిసెంబర్‌లో మళ్ళీ పెడుతున్నాం. మూడు గిన్నెలు మూతలతో వస్తాయి, మూతలు తీసేది పిల్లలే.