రెండు పళ్ల గిత్తలకు సీనియర్ల బండ

మా ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో బండలాగుడు పోటీలు పెడితే వయసు తెలుసుకోవడానికి ముందు చూసేది గిత్తల నోరు. పాల పళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా అని చూసి, ఆ విభాగానికి తగ్గ బండ కడతారు. రెండు పళ్ల జతకు సీనియర్ల బండ కట్టి, అది కదలకపోతే ‘ఈ గిత్తలు పనికిరావు, వేరే జత కొనుక్కో’ అనే రైతు ఉండడు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అదే చేస్తున్నాం. త్రీడీ ఫైల్ హ్యాంగ్ అయిందనగానే అందరూ చెప్పే సలహా ఒకటే: గ్రాఫిక్స్ కార్డు మార్చు.

ఈ సలహా నమ్మి అప్పు చేసిన కుర్రాళ్లను దగ్గరగా చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను. కర్నూలు రోడ్డులో ఇళ్ల ఎలివేషన్లు గీసే ఒక అబ్బాయి, ఉన్న లాప్‌టాప్‌ను తక్కువ ధరకు అమ్మేసి, ఈఎంఐ మీద కొత్తది తీసుకున్నాడు. పాత ఫైల్ అందులో తెరిచాడు. మళ్లీ అదే తెల్లటి తెర, పైన అదే ‘నాట్ రెస్పాండింగ్’. ‘ఏందన్నా, ఎంత పెట్టి కొన్నా ఇంతేనా’ అని నా దగ్గరికి వచ్చాడు. తెల్లారితే ఇంటి ఓనరుకు డిజైన్ చూపించాలి.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చేసింది పెద్ద పనేమీ కాదు. బ్లెండర్ (అతను వాడే త్రీడీ సాఫ్ట్‌వేర్)లో ఓవర్‌లేస్ మెనూ తెరిచి స్టాటిస్టిక్స్ టిక్ పెట్టాం. తెర మూలన ఫేసుల (మోడల్ ఉపరితలాన్ని కట్టే చిన్న చిన్న పలకల) లెక్క వచ్చింది: రెండు కోట్లకు దగ్గరగా ఉంది. రెండంతస్తుల ఇంటికి అంత అక్కర్లేదు. ఇంట్లో సగం వస్తువులను దాచి లెక్క చూశాం. తగ్గలేదు. మిగిలిన సగంలో సగం దాచాం. నాలుగైదు సార్లు ఇలా చేసేసరికి దొంగ దొరికింది. ప్రహరీ మీద ఇనుప గ్రిల్లులో నెమలి బొమ్మ. ఎక్కడో డౌన్‌లోడ్ చేసుకున్న మోడల్ అది, 12 వేల ఫేసులు. నున్నగా కనిపించాలని దానికి, ప్రతి ఫేసునూ చిన్న ముక్కలు చేసే సబ్‌డివిజన్ మాడిఫయర్ మూడో లెవెల్ పెట్టాడు. ఒక్కో లెవెల్‌కు ఫేసులు నాలుగింతలవుతాయి. మూడు లెవెల్స్ అంటే 64 రెట్లు, అంటే ఒక్క నెమలికే 7 లక్షల 68 వేలు. ప్రహరీ పొడవునా 24 నెమళ్లు. మొత్తం 1 కోటి 84 లక్షలు! తుది చిత్రంలో ఆ నెమలి వేలి గోరంత కూడా లేదు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే సంగతి ఒకటుంది. మామూలు కాపీకి బదులు ఆల్ట్, డి నొక్కితే కాపీలన్నీ ఒకే మెష్‌ను (ఫేసుల వలను) పంచుకుంటాయి, మెమరీ మిగులుతుంది. ఇది నిజమే. కానీ సబ్‌డివిజన్ మాడిఫయర్ అలాగే ఉంచితే, ప్రతి కాపీకీ బ్లెండర్ ఆ లెక్క విడిగా కట్టుకోవాల్సిందే. అందుకే ముందు మాడిఫయర్ తీసేశాం, 23 కాపీలూ చెరిపేసి, మిగిలిన ఒక్క నెమలినే ఆల్ట్, డితో మళ్లీ వరుసగా పేర్చాం. ఫైల్ వెన్నలా కదిలింది. అతను అమ్మేసుకున్న పాత లాప్‌టాప్‌లో కూడా కదిలేదే. ఆ మాట నేను పైకి అనలేదు, అతనికే అర్థమైంది.

హ్యాంగ్ అనే ఒక్క మాటతో మనం నాలుగైదు జబ్బులను పిలుస్తున్నాం. ఐదు సెకన్లపాటు ప్రోగ్రామ్ పలకకపోతే విండోస్ ‘నాట్ రెస్పాండింగ్’ అని రాస్తుంది. ప్రోగ్రామ్ పోయిందని దానర్థం కాదు, పనిలో మునిగి ఉండొచ్చు. ఎండ్ టాస్క్ కొట్టే ముందు టాస్క్ మేనేజర్ చూడాలి. 12 థ్రెడ్ల (ఒకేసారి 12 పనులు నడపగల) ప్రాసెసర్‌లో సీపీయూ 8 శాతం దగ్గర కదలకుండా నిలబడితే, ఒక్క థ్రెడ్ మీద ఏదో పెద్ద లెక్క నడుస్తోందని అర్థం. మోడలింగ్ పనులు చాలావరకు ఇలా ఒక్క థ్రెడ్ మీదే నడుస్తాయి, ఎన్ని కోర్లు కొన్నా మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. అలాంటప్పుడు చేయాల్సింది ఆగడమే. ర్యామ్ నిండిపోయి డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే, మెమరీ చాలక హార్డ్ డిస్క్‌ను వాడుకుంటోందని అర్థం. ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి ఆగి మళ్లీ కదులుతుంటే మాత్రం ముందు ఆటోసేవ్‌ను అనుమానించాలి, బ్లెండర్‌లో దాని గడువు మామూలుగా రెండు నిమిషాలే. దాన్ని ఆపేయమని నేను చెప్పను. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పనిచేసే వాళ్లం. గడువు పది నిమిషాలకు పెంచి, మధ్యలో చేత్తో సేవ్ చేసుకుంటే సరిపోతుంది.

ఫేసులు తక్కువే ఉన్నా ఫైల్ మొండికేస్తే టెక్స్చర్లు, అంటే మోడల్ మీద అతికించే ఫొటోలు, చూడాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఫ్లోరింగ్ చూపించాలంటే నల్ల రాయిలో ఆ బంగారు చుక్కలు మెరవాలని అందరికీ ఆశ. పొడవు, వెడల్పు రెండూ 8192 పిక్సెళ్లున్న ఫొటో వేస్తారు. డిస్క్ మీద అది పదీ పదిహేను ఎంబీల జేపెగ్గే. కానీ గ్రాఫిక్స్ కార్డు దాన్ని విప్పి పెట్టుకుంటే, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 256 ఎంబీ. హాలు, మెట్లు, కిచెన్, పోర్టికో అంటూ అలాంటివి పది వేస్తే రెండున్నర జీబీ. 4 జీబీ కార్డులో ఇక మిగిలేదెంత? గదంతా కనిపించే చిత్రానికి 2048 చాలు, ఒక్కోటి 16 ఎంబీకి దిగుతుంది.

చీమకుర్తి ప్రస్తావన వచ్చింది కాబట్టి సీఎన్‌సీ చెక్కడం (కంప్యూటర్ నడిపే యంత్రంతో రాయి చెక్కడం) సంగతి కూడా చెప్పాలి. దేవుడి బొమ్మను స్కాన్ చేసి, ఆకారాన్ని త్రిభుజాలుగా దాచే ఆ ఎస్‌టీఎల్ ఫైల్‌ను యథాతథంగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, అది బిగుసుకుపోయిందని తల పట్టుకుంటారు. సుమారు రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు పలక అనుకుందాం. మిల్లీమీటరులో పదో వంతుకు ఒక బిందువు చొప్పున ఉంటే 5 కోట్ల 40 లక్షల బిందువులు, దాదాపు 11 కోట్ల త్రిభుజాలు. బైనరీ ఎస్‌టీఎల్‌లో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు, కాబట్టి ఫైల్ 5 జీబీ దాటుతుంది. చెక్కే బిట్ కొస రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే అంత సన్నటి గీత రాయి మీదకు ఎలా వస్తుంది? అర మిల్లీమీటరుకు ఒక బిందువు ఉంచి డెసిమేట్ చేస్తే, అంటే త్రిభుజాలు తగ్గిస్తే, ఫైల్ 25వ వంతుకు తగ్గుతుంది. బొమ్మ ముఖంలో కళ ఏమీ తగ్గదు, ఎందుకంటే పోయిన వివరం ఉలికి ఎప్పుడూ అందనిదే.

మెషీన్ మార్చాల్సిన సందర్భాలు లేవని నేను అనడం లేదు. 8 జీబీ ర్యామ్‌తో వందల ఫొటోల నుంచి గుడి మోడల్ తయారుచేయాలంటే కష్టం. అంతకన్నా ముందు ఖర్చు లేనివి చూసుకోవాలి: విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్‌కు విడిగా ఉన్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు కేటాయించారా లేదా, చార్జర్ పెట్టారా, రోహిణి కార్తె ఎండల్లో ఫ్యాన్ దుమ్ము పట్టి లాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటోందా.

నా కోపం కోర్సులు చెప్పేవాళ్ల మీద. ఫీజు కట్టించుకుని మూడు నెలలు మెరిసే రెండర్లు (తుది చిత్రాలు) చేయిస్తారు, ఫేసుల లెక్క ఎక్కడ కనిపిస్తుందో మాత్రం ఒక్క పూట కూడా చెప్పరు. నేను నేర్చుకున్న చోటా చెప్పలేదు. అమ్మే షాపులైనా బిల్లు రాసే ముందు ఆ కుర్రాడి ఫైల్‌ను తమ డెమో సిస్టమ్‌లో తెరిచి టాస్క్ మేనేజర్ చూపించొచ్చు. పది నిమిషాల పని.

పోయిన వారం ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. ఓనరు ఇంటి ముందు లాన్ కావాలన్నాడట. గడ్డి పోచలు ఎన్ని పెట్టావని అడిగాను. ‘ఇంకా పెట్టలేదన్నా, ఒక్క పోచకు ఎన్ని ఫేసులున్నాయో చూస్తున్నా’ అన్నాడు.