10 మీటర్ల ఎత్తులో నాన్న

మా అమ్మాయి డైవింగ్ నేర్చుకుంటోంది. 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ మీద నుంచి తలకిందులుగా నీళ్లలోకి. 14 ఏళ్లు. నేనేమో బల్బు మార్చడానికి స్టూలెక్కినా, ఎవరైనా వచ్చి స్టూలు పట్టుకునేదాకా అరిచే మనిషిని.

ఈమధ్య వాళ్ల కోచ్ ఒక వీఆర్ హెడ్‌సెట్‌ని (కళ్లకు తగిలించుకుంటే ఆ చోటే ఉన్నామనిపించేలా బొమ్మ చూపించేది) పిల్లలకు వంతులవారీగా ఇంటికిచ్చి పంపుతున్నారు. దూకే ముందు ఆ దూకడమంతా మనసులో ఒకసారి చేసి చూసుకోవాలట. కొందరు పిల్లలు "కళ్లు మూసుకుంటే చీకటి తప్ప ఏం కనబడట్లేదు సార్" అన్నారట. అందుకని ముందు హెడ్‌సెట్‌లో ప్లాట్‌ఫామ్ అంచు, కింద నీళ్లు చూసి, తర్వాత దాన్ని తీసేసి, కళ్లు మూసుకుని, చేతిలో స్టాప్‌వాచ్‌తో దూకాలి. ఊహలోనే. అంత ఎత్తు నుంచి నీళ్లు తాకడానికి సుమారు 1.4 సెకన్లు పడుతుంది కాబట్టి ఊహలోనూ అంతే పట్టాలి. వాళ్ల జట్టులో ఒకడు మనసులో దూకి ఇంకా కిందికి రాలేదని మా అమ్మాయి చెప్పి నవ్వింది.

శనివారం సాయంత్రం తను స్నానానికి వెళ్లింది. హెడ్‌సెట్ సోఫా మీద ఊరికే పడి ఉంది. ఊరికే ఉన్న వస్తువుని ఊరికే ఉండనివ్వడం నాకు చేతకాదు. తగిలించుకున్నాను.

"ఓస్, ఇంతేనా!" అనుకుంటూ కిందికి చూశాను. చేతిరుమాలంత నీలం నీళ్లు. కనీసం నా కాళ్లు ఎక్కడున్నాయో చూసుకుందామంటే, కాళ్లు లేవు! ఆ బొమ్మలో కాళ్లు పెట్టలేదు. నేను మా హాల్లో, చదునైన నేల మీద ఉన్నానని బుర్రకు తెలుసు. మోకాళ్లకు ఎవరూ చెప్పలేదు. అవి వాటంతట అవే వంగి నేలకానాయి.

హెడ్‌సెట్ తీసేయాలన్న ఆలోచన రాకపోలేదు. కానీ దానికి నేల మీద నుంచి ఒక చెయ్యి ఎత్తాలి.

మెట్లు వెనకాల ఉంటాయి కదా అని నాలుగు కాళ్ల మీద వెనక్కి పాకడం మొదలుపెట్టాను. రెండడుగులు వెళ్లానో లేదో వెనక ఏదో తగిలింది. తర్వాత తెలిసింది, అది టీపాయ్. దాని మీది నీళ్ల జగ్గు వీపు మీద బోర్లా పడింది. పడిపోయాననే అనుకున్నాను. గట్టిగా ఊపిరి బిగబట్టాను.

"ఏమండీ, ఏం వెతుకుతున్నారు?" మా ఆవిడ గొంతు.

నీళ్లలో ఉన్నవాడు ఎలా మాట్లాడతాడు?

చివరికి మా అమ్మాయే వచ్చి హెడ్‌సెట్ లాగేసింది. "నాన్నా, ఇంట్లోనే ఉన్నావు. ఊపిరి వదులు."

మర్నాడు ప్లాట్‌ఫామ్ మీద కళ్లు మూసుకుని నిలబడ్డ పిల్ల ఉన్నట్టుండి కిసుక్కుమందట. మనసులోకి డైవ్ రావాల్సిన చోట నేను పాకుతూ వచ్చానట. కోచ్ అడిగితే అంతా చెప్పేసింది.

ఆయన నాకు ఫోన్ చేశారు. చీవాట్లే అనుకుని హెడ్‌సెట్‌కి ఏం కాలేదని ముందే చెప్పేశాను. ఆయన ఆ మాటే పట్టించుకోలేదు. "గుండె దడదడలాడిందా సార్? అరచేతులకు చెమటలు పట్టాయా?"

"పట్టాయండీ."

"పిల్లలకు అదే రావట్లేదు!" అని మొదలుపెట్టారు. బొమ్మ కనబడితే చాలదట. ఒంట్లో బిగువు, లోపలి భయం, అన్నీ నిజంగా దూకుతున్నప్పటిలాగే ఉండాలట. తేడా వస్తే ఏం చేయాలో కూడా ముందే ఊహించి పెట్టుకోవాలట. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఈత కళ్లజోడు నిండా నీళ్లు నిండిపోయాయట. అలాంటిది ముందే ఊహించి పెట్టుకున్నాడు కాబట్టి, ఏమీ కనబడకపోయినా బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం కొట్టాడట.

ఫెల్ప్స్ పక్కన నా పేరు రావడం ఇదే మొదటిసారి. కాస్త నిటారుగా కూర్చున్నాను.

"ఆదివారం వచ్చి మా పిల్లలకు ఆ అనుభవం చెప్పగలరా? కుదిరితే చేసి కూడా చూపించండి."

ఒప్పుకున్నాను. మా ఆవిడ అప్పుడే సంచిలో తువ్వాలు పెట్టేసింది.