పని ఆగితే అర్హతా పోవాలా?

కార్మికుల సంక్షేమానికి తెచ్చిన చట్టం, సామాజిక భద్రత కోడ్ కింద కేంద్రం 2025 డిసెంబరు 30న విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ఒక అంకె మమ్మల్ని కలవరపెడుతోంది. గత ఆర్థిక సంవత్సరంలో ఒకే యాప్‌కైతే 90 రోజులు, ఎక్కువ యాప్‌లకైతే 120 రోజులు పనిచేసిన గిగ్ కార్మికుడే, అంటే యాప్‌ల ద్వారా డెలివరీలు, క్యాబ్ వంటి పనులు చేసేవాడే, ప్రయోజనాలకు అర్హుడు. ఎంతో కొంత సంపాదించిన ప్రతిరోజూ లెక్కలోకి వస్తుంది కాబట్టి మామూలు ఏడాదిలో ఇది తేలిక షరతే. లాక్‌డౌనో వరదో వచ్చిన ఏడాది సంగతేమిటి? రోడ్లు మూసేది ప్రభుత్వం, ఆర్డర్లు ఆపేది కంపెనీ, రోజులు తగ్గేది కార్మికుడికి. ఆదాయం పోయినవాడికి మరుసటి ఏడాది బీమా కూడా పోతుంది.

కోడ్ 114వ సెక్షన్‌లో ప్రాణ, ప్రమాద బీమా, ఆరోగ్య, ప్రసూతి ప్రయోజనాలు, వృద్ధాప్య రక్షణ ఉన్నాయి. పని పోయిన నెల ఇల్లు గడిచే దారి లేదు. తెలంగాణ 2023 చివర్లో ప్రకటించిన రూ.5 లక్షలదీ ప్రమాద బీమాయే. జీతగాళ్ల విషయంలో ఇదే కేంద్రానికి మార్గం తెలుసు. ఉద్యోగం పోయిన ఈఎస్‌ఐ చందాదారుకు సగటు వేతనంలో పావు వంతు ఇచ్చే పథకాన్ని 2020లో సగానికి పెంచి, 90 రోజుల వరకు చెల్లించింది. అదే ఏడాది తోపుడుబండి వ్యాపారికి మాత్రం రూ.10,000 అప్పు చూపించింది.

గిగ్ కార్మికులకూ ఇలాంటి భృతి ఇవ్వాలంటే కంపెనీలపై భారం పడుతుందనీ, దొంగ దరఖాస్తులు వస్తాయనీ అనేవారున్నారు. అమెరికా 2020 మార్చిలో స్వయం ఉపాధివారికి నిరుద్యోగ భృతి తెచ్చినప్పుడు సొంత ధ్రువీకరణను నమ్మి మోసపోయిన మాట నిజమే. ఖర్చులన్నీ పోగా మిగిలిన లాభమే ఆదాయమనడంతో చాలామంది డ్రైవర్లకు కనీస మొత్తమే దక్కింది. మన దగ్గర ఆ చిక్కు రానక్కర్లేదు. ఎవరికి ఏ వారం ఎంత జమైందో యాప్ కంపెనీల దగ్గరే ఉంది.

భృతి లెక్కకు, పని ఆగడానికి ముందు ఏడాది జమల వారపు సగటు తీయాలి. అందులోంచి పెట్రోలు ఖర్చే తగ్గించాలి. బండి ఈఎంఐ తగ్గించకూడదు, పని ఆగినా వాయిదా ఆగదు. మిగిలినదాంట్లో సగం 13 వారాల వరకు ఇవ్వాలి. వారానికి రూ.5,000 వచ్చి పెట్రోలుకు రూ.1,500 పోయే వ్యక్తికి రూ.1,750 అందుతుంది. కలెక్టరు మూసివేత ఉత్తర్వు ఇచ్చిన రోజే, దరఖాస్తు అడగకుండా, చెల్లింపు మొదలవ్వాలి. యాప్ లేని ఆటోవాలాల కోసం ఆంధ్రప్రదేశ్ 2025లో రూ.15,000 చొప్పున జమ చేసినప్పటి జాబితా ఉంది. వారికి నిర్ణీత మొత్తం ఇవ్వవచ్చు, అయితే ఆ డబ్బు ఖజానా నుంచే రావాలి. యాప్ కార్మికుల కోసం కంపెనీల టర్నోవరులో 1 నుంచి 2 శాతం వసూలు చేయడానికి కోడ్‌లోనే వీలుంది.

ఆ 90 రోజుల్లోంచి ప్రభుత్వం మూసిన రోజులను మినహాయించాలి. యాప్ ఐడీని కంపెనీ నిలిపివేసిన రోజులనూ, విచారణలో తప్పు రుజువైతే తప్ప, మినహాయించాలి. పార్లమెంటు మెట్లెక్కే పని కూడా లేదు. కేంద్రం నిర్ణయించే ‘ఇతర ప్రయోజనాలు’ అన్న మాట 114వ సెక్షన్‌లోనే ఉంది, నోటిఫికేషన్ చాలు. 2020లో మందులూ కూరగాయలూ గుమ్మం ముందుకు తెచ్చినవారిని అత్యవసర సేవకులన్న పాలకులే ఇప్పుడు వారికి రోజులు లెక్కపెడుతున్నారు. ముందు ఆ లెక్క సరిచేయండి.