సీటీసీ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ సీటీసీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. మీరు, అంటే కంపెనీ ఏడాదికి నా మీద పెడతానన్న మొత్తం ఖర్చు, ఆఫర్ లెటర్‌లో 12 లక్షల దగ్గర క్షేమంగా ఉన్నారు. నేనిక్కడ ఇరవయ్యో తారీఖు నుంచే బ్యాంకు యాప్ తెరవడం మానేశాను.

మీరు వచ్చిన రాత్రి గుర్తుందా? తొమ్మిదిన్నరకి మెయిల్‌లో పీడీఎఫ్‌గా దిగారు. మొదటి పేజీలో లావుపాటి అక్షరాల్లో 12,00,000. అమ్మ వెంటనే పన్నెండుతో భాగించేసింది. తెల్లారేసరికి ఖమ్మంలో మేనత్త దాకా "నెలకి లక్షట" అని పాకిపోయింది. మీ చివరి పేజీ ఎవరూ చూడలేదు, నాతో సహా. మొదటి జీతం బోనస్‌తో కలిసి పడింది కాబట్టి అనుమానం రాలేదు. రెండో నెల తీశాను.

లక్షా ఇరవై వేలు వేరియబుల్ పే. కంపెనీ బాగుండాలి, నా రేటింగ్ బాగుండాలి, రెండూ ఒకే ఏడాది కుదరాలి. లక్ష జాయినింగ్ బోనస్. ఇచ్చేది ఒక్కసారే, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలి. బేసిక్ 6 లక్షల మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే ఏడాదికి 72,000. పాపం వాళ్ల జేబులోంచి పెడుతున్నారనుకున్నాను. నా ప్యాకేజీలోంచే తీసి నాకు చదివించారు! (ఆ డబ్బు నాదే, వడ్డీతో వస్తుంది, కాదనను. పాలవాడు మాత్రం పీఎఫ్ పాస్‌బుక్ చూసి ప్యాకెట్ వేయడు.) గ్రాట్యుటీ 28,860. అది ఐదేళ్లు కదలకుండా ఉంటేనే. మా ఫ్లోర్‌లో ఐదేళ్లుగా ఉన్నది కాఫీ మెషీన్ ఒక్కటే. ఆరోగ్య బీమా 15,140. ఇవన్నీ పోగా నెలకి 72,000. అందులో నా వాటా పీఎఫ్ ఇంకో 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200.

చేతికి 65,800.

కొత్త పన్ను పద్ధతిలో 12,75,000 దాకా జీతానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

మీరు వచ్చిన వారమే ఇంకో కంపెనీ నుంచి మీ తమ్ముడొకడు కూడా వచ్చాడు, 10 లక్షలవాడు. వేరియబుల్ లేదు, బోనస్ లేదు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే హైటెక్ సిటీలో దిగి నడిచిపోయే దూరంలో ఆఫీసు. మీరుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రాయదుర్గంలో దిగి మళ్లీ ఆటో. అయినా "పన్నెండుని కాదని పదికి పోతావా, పిల్లనిచ్చేవాళ్లకి ఏం చెప్పుకోను?" అన్నాడు నాన్న. మొన్న ఆదివారం తీరిగ్గా ఆ తమ్ముడి చివరి పేజీ కూడా లెక్కేశాను. చేతికి 70,100. నాన్నకి ఇంకా చెప్పలేదు.

మిమ్మల్ని తిడదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మధ్యలో ఎందుకో నా రెజ్యూమే తెరిచాను. "ఎనిమిది మంది బృందానికి నాయకత్వం" అని ఉంది. మేనేజర్ తిరుపతి వెళ్లిన రెండు రోజులు పొద్దున కాల్ నేను పెట్టాను, అదీ నాయకత్వం. "కస్టమర్ సంతృప్తి 40 శాతం పెంచాను" అని ఇంకోటి. నేను కస్టమర్ మొహం చూసింది లేదు. ఆ 40 ఎక్కడిదని ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని రాత్రంతా టెన్షన్. ఎవరూ అడగలేదు. నిజంగా చేసిన పని ఒకటుంది: రోజూ రెండు గంటలు తినే రిపోర్టుని చిన్న స్క్రిప్టు రాసి పావుగంటకి తెచ్చాను. అది మూడో పేజీ అడుగున, క్రికెట్, పుస్తక పఠనం పక్కన పడి ఉంది.

మీ నిజం చివరి పేజీలో, నాదీ చివరి పేజీలోనే. దొందూ దొందే. ఇంక ఏమని తిట్టను?

వేరే కంపెనీ ఫామ్ ఒకటి నింపుతున్నాను. "ప్రస్తుత సీటీసీ" అన్న గడిలో 12 అనే వేశాను, మీ పరువు తీయలేదు. దాని మీద 30 శాతం అడగమని రూమ్మేట్ సలహా. ఏడాది ఇంకా నిండలేదు కాబట్టి బోనస్ లక్షా తిరిగి కట్టాలి. కాగితం మీద మీ దగ్గర బోలెడుంది కదా, కాస్త సర్దగలరా?

ఇట్లు,
మీ 65,800