గోడలకు దాతలున్నారు, గ్యాస్కెట్‌కు లేరు

విశాఖ వైద్యంలో దాతల చెయ్యి పాతదే. ఇక్కడ 1845లో సివిల్ డిస్పెన్సరీ వెలిసింది. వన్‌టౌన్ ఘోషాసుపత్రి ఎవరి కోసం పుట్టిందో పేరే చెబుతుంది, ఘోషా అంటే స్త్రీల పరదా. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రీమియర్ పానగల్ రాజా కింగ్ జార్జ్ ఆసుపత్రిని 1923 జులై 19న ప్రారంభించారు. అదే ఏడాది మొదలైన వైద్య కళాశాలకు నూరేళ్లు నిండిన వేళ పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని భవనం కట్టించారు. అయితే పెద్దాసుపత్రికి జీతాలూ మందులూ సర్కారు ఖజానా నుంచి వస్తాయి. విరాళాలే ఆధారమైన చిన్న ఊళ్ల ధర్మాసుపత్రులకు ఆ ధీమా లేదు.

గది కట్టిస్తానంటే దాత దొరుకుతాడు. శిలాఫలకం మీద పేరుంటుంది కదా! ఆపరేషన్ గుడ్డల్లో క్రిముల్ని ఆవిరితో చంపే యంత్రం ఆటోక్లేవ్. దాని తలుపుకుండే రబ్బరు పట్టీ, అదే గ్యాస్కెట్, కొనిస్తామని మాత్రం ఎవరూ రారు. అది గట్టిపడి పగిలితే ఆవిరి అంచుల్లోంచి చిమ్ముతుంది. 15 పౌండ్ల ఒత్తిడి నిలవదు, వేడి 121 డిగ్రీలకు చేరదు. గుడ్డ మూటలకు ఆ వేడి అరగంట పట్టాలి. మూటలు పెట్టే డ్రమ్మును కుక్కి నింపినా ఆవిరి నడిమికి పోదు. మూటకు అంటించిన, వేడికి రంగు మారే టేపు మీద చారలు నల్లబడ్డాయని నమ్మి ఆ మూటను ఆపరేషన్ బల్ల మీద విప్పుతారు. చారలు చెప్పేది పైన వేడి తగిలిందనే, లోపల క్రిములు చచ్చాయని కాదు.

ఆక్సిజన్ లెక్కా ఇంతే. 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండర్ నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఒక రోగికి 23 గంటలు వస్తుంది. నలుగురికైతే ఆరు గంటలు కూడా రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక కరెంటు రోజుల తరబడి లేదు, బంకుల ముందు బారులే. గంటకు 10 లీటర్లు తాగే జనరేటర్‌కు మూడు రోజులకు 720 లీటర్ల డీజిల్ కావాలి. దాతలిచ్చిన జనరేటర్‌తో పాటు ఆ డీజిల్ రాదు. సముద్రపు ఉప్పుగాలికి దాని ప్యానెల్ తుప్పు పట్టకుండా చూసుకునే ఖర్చూ రాదు.

20 లక్షల యంత్రం ఇచ్చారనుకుందాం. వారంటీ తీరాక నిర్వహణ ఒప్పందానికి ఏటా 5 శాతం చొప్పున వేసుకున్నా లక్ష రూపాయలు. ఆ లక్ష 7 శాతం వడ్డీగా రావాలంటే బ్యాంకులో 14 లక్షల పైచిలుకు ఉండాలి. అంటే అసలు విరాళం 34 లక్షలు! ఆ మొత్తం లేకపోతే యంత్రం చిన్నదే పుచ్చుకోవడం మేలు. వద్దనడానికి ట్రస్టులు మొహమాటపడుతున్నాయి. రెండేళ్లకు ఆ యంత్రం మీద దుప్పటి కప్పుతున్నాయి.

దాత మూలనిధికి, అంటే అసలు కదపకుండా వడ్డీ వాడుకునే నిధికి, ఇస్తే ఆ మాట కాగితం మీద రాసివ్వాలి. లేకుంటే అది మామూలు ఆదాయం కిందికి పోతుంది, ట్రస్టుకు పన్ను పడకూడదంటే అందులో 85 శాతం ఖర్చు చూపాల్సి వస్తుంది. 2 వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను రాయితీ రాదు.

ఇకపై ట్రస్టులు దాతల పేర్లున్న గోడ మీదే ఈ నెల డీజిల్ ఎంత, నిండు సిలిండర్లెన్ని, గ్యాస్కెట్ మార్చిన తేదీ ఏది అన్నవి కూడా రాసి పెట్టాలి.